ఎడమత్తయ్య ఆడిన ఆట

నలుగురూ వెళ్ళే వైపు వెళ్ళకపోవడమే అత్తయ్యకున్న ఒకే ఒక్క జబ్బు. అందరూ కుడికి తిరిగితే ఆవిడ ఎడమకి తిరుగుతుంది. చుట్టాలంతా ఆవిడ అసలు పేరు ఎప్పుడో మర్చిపోయి ఎడమత్తయ్య అనే పిలుస్తారు. పోనీ, తిరిగిన మనిషి ఊరికే వస్తుందా అంటే అదీ లేదు. మూసి ఉన్న తలుపులన్నీ తీసి, లోపలున్న వాళ్ళ యోగక్షేమాలు కనుక్కుని గాని కదలదు.

ఒకసారి ఆసుపత్రిలో ఉన్న తమ్ముణ్ణి చూడ్డానికి వెళ్ళింది. వార్డు కుడివైపని గోడ మీద చెయ్యంత బాణం గుర్తు వేసి ఉంది. ఆవిడ ఎడమకి వెళ్ళింది. దుప్పట్లు ఉతికే గది చూసింది. ఎక్స్‌రే తీసే అబ్బాయికి పెళ్ళి ఎందుకు ఆగిపోయిందో కనుక్కుంది. పలకరించడానికి ఎవరూ రాని ఓ ముసలాయన పక్కన కూర్చుని, తమ్ముడి కోసం తెచ్చిన యాపిల్ పళ్ళన్నీ ఆయనకి కోసిపెట్టింది. తీరా వార్డుకి చేరేసరికి మంచం ఖాళీ. తమ్ముణ్ణి డిశ్చార్జి చేసి గంటయిందట.

"ఇన్నాళ్ళూ ఆ బస్టాండులో పనిచేశావు, నీకు దారి తెలీదా అక్కా?" అని తమ్ముడు ఫోన్లో తగులుకున్నాడు.

"అక్కడ చేశాను కాబట్టే ఇలా తయారయ్యాను" అందావిడ.

ఆ మాట నిజమే. ముప్ఫై ఏళ్ళు బస్టాండులో పోయిన వస్తువుల గది చూసుకుంది. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, కళ్ళజోళ్ళు, ఒకసారి కట్టుడుపళ్ళ సెట్టు. బస్సు ఆగగానే అందరూ ముందు తలుపులోంచి దిగుతుంటే, ఈవిడ వెనక తలుపులోంచి ఎక్కి చివరి సీటు కిందకి వంగేది. రిటైరయ్యాక బస్సులు పోయాయి గానీ వంగడం పోలేదు.

అలాంటి మనిషి చేతికి తన ఆట ఇచ్చాడు మేనల్లుడు. వయసు ముప్ఫై రెండు. వృత్తి, మేధావి. ఆ రెండోది తనకి తనే ఇచ్చుకున్న ఉద్యోగమని ఇప్పుడు అతనే ఒప్పుకుంటాడు.

ఈ మేధావి చక్కటి కొలువు మానేసి, అత్తయ్య ఇంట్లో వెనక గది ఆక్రమించి, మూడేళ్ళుగా ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నాడు. లోకమంతా సినిమాని మించిన బొమ్మల ఆటల వెంట పడుతుంటే, ఇతను పనిగట్టుకుని పాతకాలం ఆట చేశాడు. అరచేతిలో ఇమిడే పెట్టె, ఆకుపచ్చ తెర, నాలుగంటే నాలుగు రంగులు. టోపీ పెట్టుకున్న ఓ బుడతడు గోడలెక్కుతూ, గోతులు దాటుతూ, లైట్‌హౌస్‌లో పోయిన దీపాన్ని వెతుక్కుంటూ వెళ్తాడు. నొక్కడానికి బాణాల మీట, రెండు బొత్తాలు. అంతే.

తండ్రిని అడిగి తీసుకున్న మూడేళ్ళ గడువు ఆ వారంతో ముగుస్తుంది. శుక్రవారం ఆటలు కొనే కంపెనీ నుంచి ఒకావిడ చూడ్డానికి వస్తోంది. ఆవిడ పెదవి విరిస్తే సోమవారం నుంచి బావ పైపుల దుకాణంలో కూర్చోవాలి. బావ అప్పుడే కుర్చీ తుడిపించి ఉంచాడు కూడా.

అంతకు రెండు నెలల ముందు, ఆట ఆడటం రాని మనిషికి కూడా అర్థమవుతుందో లేదో చూద్దామని అత్తయ్యకి ఇచ్చాడు. రాని మనిషి అన్నది కూడా మేధావిగారి అంచనాయే.

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని పెట్టె పట్టుకుంది. "రంగులు అయిపోయాయా నాన్నా?"

"కావాలనే అలా చేశాను అత్తయ్యా. పాతకాలం అందం."

"సరేలే." బుడతణ్ణి తిన్నగా ఎడమకి నడిపించింది. వాడు వెళ్ళి గోడకి గుద్దుకున్నాడు.

"అటు కాదు, కుడికి. ఆటంతా కుడివైపే ఉంది."

"ఈ గోడ అవతల ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి గోడెందుకు కట్టావు?"

కంప్యూటర్ శాస్త్రంలో పట్టా ఉన్నవాడు పెట్టె అందుకుని, బుడతణ్ణి తనే కుడికి తిప్పి ఇచ్చాడు. మర్నాడూ అదే తంతు. భోజనాలయ్యాక పెట్టె పట్టుకుని కూర్చుంటుంది, బుడతడు గోడకి గుద్దుకుంటాడు, ఆ చప్పుడు వెనక గదిలోకి వినిపిస్తుంది. వారం గడిచేసరికి మేనల్లుడు చెవుల్లో దూది పెట్టుకున్నాడు. "మా అత్తయ్య రెండు నెలలైనా మొదటి గోడ దాటలేదు" అని స్నేహితులకి చెప్పి నవ్వించాడు. ఆ గోడ అవతల ఏదైనా పెడితే పోయేదేముందని బుర్రకి తట్టకపోలేదు. కానీ అత్తయ్య చెబితే మార్చడమేమిటని పంతం పట్టాడు.

శుక్రవారం పొద్దున్న బతిమాలాడు. "ఆవిడ వచ్చినప్పుడు నువ్వు ముందు గదిలోకి రావద్దు అత్తయ్యా. ఏమైనా కావాలంటే నేనే వస్తాను."

"నాకేం పని అక్కడ" అందావిడ.

కంపెనీ ఆవిడ పడుచు మనిషి. చేతులు మడిచిన చొక్కా, నెమ్మది మాట. పెట్టె అందుకుని చేతిలో ఇటూ అటూ తిప్పి చూసి మురిసింది. బొత్తాం నొక్కింది. నొక్కుతూనే బుడతణ్ణి ఎడమకి నడిపించింది.

గోడకి గుద్దుకున్న చప్పుడు వినగానే మేనల్లుడి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఇటు ఏమీ పెట్టలేదాండీ?"

"లేదండీ. ఆట కుడివైపు..."

"ఈ ఆటలంటే ఇష్టమున్న వాళ్ళం ముందు ఇటే వెళ్తామండీ. వెళ్ళక్కర్లేని వైపు ఏదో ఒకటి దాచి ఉంచుతారని ఆశ. నా చిన్నప్పుడు ఆ ఆశతోనే సెలవులన్నీ గడిచిపోయాయి."

మేధావిగారికి చెంప పగిలినట్టయింది. ఆవిడ కుడికి వెళ్ళింది, మూడో అంకం దాకా బాగానే ఆడింది, తర్వాత గడియారం చూసుకుంది. "బాగుందండీ, శ్రద్ధగా చేశారు" అంది. పొరుగింటి వాళ్ళ పిల్లాడి పాట విన్నాక అనే మాట అది. పెట్టె బల్ల మీద పెట్టి సంచీ భుజాన వేసుకుంది. మేనల్లుడికి బావ దుకాణంలో కుర్చీ కళ్ళకి కట్టింది.

సరిగ్గా అప్పుడు పెరటి తలుపులోంచి అత్తయ్య వచ్చింది.

"ఆటలో నూతి దాకా వెళ్ళావా అమ్మా?"

"వెళ్ళానండీ. అందులో పడితే చచ్చిపోతాడు కదా?"

"పడనివ్వకు. గిలక తాడు పట్టుకుని సగం దాకా జార్చి, ఎడమ గోడకి ఆనించు."

"అక్కడేమీ లేదు అత్తయ్యా" అన్నాడు మేనల్లుడు, ఉన్న పరువు కూడా పోతోందన్న కంగారుతో.

ఆవిడ సంచీ దింపకుండానే పెట్టె తీసి, తాడు పట్టించి, బుడతణ్ణి గోడకి ఆనించింది. ఇటుకలు జరిగాయి. లోపల చిన్న గది. ఒక బల్ల, ఒక దీపం, బల్ల కింద నిద్రపోతున్న పిల్లి. బొత్తాం నొక్కితే పిల్లి ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంటుంది.

కంపెనీ ఆవిడ పకపకా నవ్వి పదిసార్లు నొక్కింది. మేనల్లుడు నోరు వెళ్ళబెట్టాడు. ఆ పిల్లిని గీసింది అతనే. మొదటి ఏడు, ఏదీ కుదరక ఎవరికీ మొహం చూపించలేని రోజుల్లో ఒక వారమంతా కూర్చుని గీశాడు. తర్వాత దారి మార్చి, ఆనితే జరిగే ఇటుకలు అడ్డం పెట్టి, ఆ సంగతే మర్చిపోయాడు.

"ఇలాంటి గదులు ఎన్నున్నాయండీ?" అంది ఆవిడ, సంచీ కింద పెట్టి కుర్చీలో కూర్చుంటూ.

అతను వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఆరు" అంది అత్తయ్య. "వాడికి గుర్తుండవులే అమ్మా, నన్నడుగు."

ఆవిడ సాయంత్రం దాకా కదల్లేదు. ఆట తీసుకుంటామని, మొదటి గోడ సంగతి మాత్రం చూడమని చెప్పి వెళ్ళింది.

తలుపు వేసి వచ్చి మేనల్లుడు అత్తయ్య ముందు చతికిలబడ్డాడు. "నీకు ఆడటమే రాదనుకున్నాను."

"లైట్‌హౌస్ దీపం దొరికి నెలైంది."

"మరి చెప్పలేదేం?"

"అయిపోయిందంటే పెట్టె లాక్కుంటావు కదా." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "మూడేళ్ళు తలుపేసుకుని ఏం చేస్తున్నావో మీ నాన్నకీ తెలీదు, నాకూ తెలీదు. అడిగితే కసురుకుంటావు. చేసిందంతా ఇందులోనే ఉంటుంది కదా, ఒక్క మూల కూడా వదలకుండా చూద్దామనుకున్నాను. అంత కష్టపడి గీసింది ఎవరూ చూడకుండా ఉండిపోతే ఎలా నాన్నా?"

మేనల్లుడికి సిగ్గేసింది. అంతకు మించి సంతోషమేసింది. రెండూ కనబడకుండా పెట్టె తీసుకుని పిల్లి గదికి బయల్దేరాడు. నూతిలో పడి చచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ చచ్చాడు. మూడోసారి తాడు చేతికి అందనేలేదు.

"దీన్ని నువ్వే తయారుచేశావా?" అంది అత్తయ్య.

"తాడు మరీ సన్నగా పెట్టాడు వెధవ" అని తనని తనే తిట్టుకున్నాడు.

ఆవిడ పక్కకి జరిగి కూర్చుని, అతని బొటనవేలి మీద తన వేలు ఆనించింది. "తొందరపడకు. నేను చెప్పినప్పుడు నొక్కు."

అతను ఊపిరి బిగబట్టి ఎదురుచూశాడు.