ఇంకా ఉందండి, అయ్యగారూ

పోయిన ఆదివారం విశాఖపట్నంలో మేము వెళ్లే చర్చిలో, ఆరాధన మధ్యలో ఒకమ్మాయి పళ్లెం పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ అందరి చేతుల్లోనూ చిన్న చిన్న సీసాలు పెట్టింది. మూత తియ్యకముందే వాసన తెలిసిపోయింది. కొబ్బరినూనెలో మల్లెపూల సెంటు కలిపిన వాసన. ముప్పై ఏళ్ల కిందట ఒకసారి పీల్చాను దాన్ని, జన్మకు సరిపడా. వేదిక మీద కొత్తగా వచ్చిన బోధకుడు, ఈ నూనె రాసుకున్న ఇంటికి జబ్బు రాదని చెబుతున్నాడు. వెనకాల తెర మీద కీర్తనలోంచి ఒక్క ముక్క వేశారు. నా పక్కన మా చెల్లెలు దీవెన సీసాను చూసి సంబరపడిపోతూ సంచిలో వేసుకోబోయింది. నేను దాని చేతిలోంచి లాక్కున్నాను. ముందు వరసలో ఆవిడ వెనక్కి తిరిగి నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. నాకెందుకంత ఒళ్లు మండిందో ఆవిడకు తెలియదు. అది తెలియాలంటే రూతమ్మత్త తెలియాలి.

మాది చోడవరం. మా నాన్న పంచదార ఫ్యాక్టరీలో సీజను పని చేసేవాడు. అమ్మా రూతమ్మత్తా చెరుకు కోతకు వెళ్లేవాళ్లు. రూతమ్మత్త మాకు చుట్టం కాదు, ఒకే వీధి, ఒకే చర్చి సంఘం. ఎత్తుగా, ఎముకలు కనబడేంత సన్నంగా ఉండేది. అరచేతులు చెరుకు ఆకు కోసి కోసి గరుకుదేలి ఉండేవి. ముప్పై అయిదేళ్లు వచ్చేదాకా ఆవిడకు అక్షరం ముక్క రాదు. చర్చిలో పెట్టిన రాత్రిబడిలో బైబిలు చదవాలన్న ఒకే ఒక్క పట్టుదలతో నేర్చుకుంది. మా చర్చిలో ఒక పద్ధతి ఉండేది. పాస్టరుగారు ప్రసంగం చేస్తూ ఫలానా అధ్యాయం, ఫలానా వచనం అనగానే, కింద చాపల మీద కూర్చున్నవాళ్లలోంచి ఒకరు లేచి ఆ వచనం గట్టిగా చదవాలి. ఆ పని రూతమ్మత్తది. కొంగు తలమీదికి లాక్కుని, అక్షరాల కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివేది. పాస్టరుగారికి కావలసింది ఒక్క ముక్కే అయినా ఆవిడ మొత్తం చదివితేగాని కూర్చునేది కాదు. ఆయన "చాలమ్మా" అనేవారు. ఆవిడ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "ఇంకా ఉందండి, అయ్యగారూ" అనేది. అందరూ నవ్వేవాళ్లు. అయ్యగారూ నవ్వేవారు. ఆవిడ మాత్రం నవ్వేది కాదు, ఆఖరి మాట దాకా చదివి కూర్చునేది.

సాయంత్రాలు నన్నూ దీవెననూ తన అరుగు మీద కూర్చోబెట్టి చదివించేది. నాకు పదిహేనేళ్లు, దీవెనకు తొమ్మిది. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడని పేజీల కొద్దీ పేర్లుంటాయే, వాటిని నేను దాటేయబోతే పట్టుకునేది.

"ఏటే సుగుణా, గెంతేస్తన్నావు?"

"పేర్లే కదత్తా. ఎవరికి కావాలి?"

"నీ పేరు ఎవులైనా గెంతేస్తే నీకెలాగుంటాది? సదువు. ఆకరి దాకా సదువు."

దీవెన కిసుక్కున నవ్వేది. దానికి చదువంటే ప్రాణం. నాకంటే వేగంగా పట్టేది. ఏడాదిలో రూతమ్మత్త కంటే బాగా చదవడం మొదలుపెట్టింది, ఆవిడ తడబడితే మాట అందించేది కూడా. అందుకావిడ ఎంత మురిసిపోయేదో.

దీవెనకు నాలుగో ఏట నుంచి మూర్ఛలు. మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ బెంబేలెత్తిపోతే, దాన్ని భుజాన వేసుకుని బస్సెక్కి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది రూతమ్మత్తే. డాక్టరు చీటీ రాసి పంపించేయబోతే కదల్లేదట. "పూర్తిగా సెప్పండి బాబూ, ఈ మాత్తర్లు ఎన్నాళ్లెయ్యాలి, ఒకరోజు మర్సిపోతే ఏటవుతాది" అని అడిగిందట. ఆయన చెప్పాడు, ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని. తెల్లటి చిన్న మాత్ర, రోజూ దీపాలు పెట్టే వేళకు ఒకటి. ఆ మాత్రల పుణ్యమా అని అప్పటికి రెండేళ్లుగా దానికి ఒక్క మూర్ఛ కూడా రాలేదు.

అప్పుడొచ్చాడు అతను. పేరు రాయను. అతని పేరు తలుచుకునే ఓపిక నాకున్నా, రాసే మర్యాద అతనికి దక్కనివ్వను. నాలుగు రోజుల ప్రార్థన కూటాలకని వచ్చి మా చర్చిలోనే తిష్ఠ వేశాడు. తెల్ల బట్టలు, తియ్యటి గొంతు, చేతిలో ఆ నూనె సీసా. మా పాస్టరుగారు మంచివారు. మంచివారు, అంతే. ఎదుటివాడు గట్టిగా మాట్లాడితే పక్కకు తప్పుకునే రకం. రెండు వారాల్లో ప్రసంగవేదిక అతని పాలైంది. నిజమైన విశ్వాసికి రోగం రాదన్నాడు. వస్తే అది దయ్యం పని అన్నాడు. మందు మింగినవాడు దేవుణ్ణి నమ్మనట్టే అన్నాడు. కూలీనాలీ చేసుకునే జనం, ఆసుపత్రి చుట్టూ తిరగలేక విసిగిన జనం, ఆ మాట వాళ్లకెంత తియ్యగా తగిలిందో నాకు అర్థమవుతుంది. వాళ్ల మీద నాకు జాలి. ఆ ఆకలి తెలిసి మరీ విషం వడ్డించిన వాడి మీద మాత్రం కోపం. ఇన్నేళ్లయినా అది చల్లారలేదు, చల్లార్చుకోవాలని కూడా లేదు నాకు.

దేవుణ్ణి నమ్ముకున్నవాడి ఇంటి దరికి తెగులు రాదని చెప్పే కీర్తన ఒకటుంది. అతనికి అదే ఆధారం. ఒక ఆదివారం ఆ వచనం చదవమన్నాడు. రూతమ్మత్త లేచి చదివింది. అతను చాలన్నాడు.

"ఇంకా ఉందండి, అయ్యగారూ" అని ఆవిడ కింది వచనంలోకి దిగింది. రాయి తగలకుండా దేవదూతలు చేతుల మీద ఎత్తుకుంటారన్న చోటు అది.

"చాలన్నానా?"

ఆవిడ తల ఎత్తింది. "ఈ కీర్తనే కదండీ సాతాను యేసయ్యకి సెప్పేడు? గుడి మీంచి దూకేయ్, దేవదూతలు పట్టుకుంటారు అని. వాడూ ఇలాగే ముక్క సెప్పి ఊరుకున్నాడు. యేసయ్య దూకలేదండి. దేవుణ్ణి సోదించకూడదన్నాడు. మందులు మానేసి దేవుణ్ణి సోదించమంటారేటి?"

అతను కోప్పడలేదు. నవ్వాడు. "అక్కయ్యకు వయసు మీద పడింది, కళ్లు కనబడటం లేదు. వచ్చే వారం నుంచి మంచి గొంతున్న చిన్నపిల్ల చదువుతుంది" అని నా వైపు వేలు చూపించాడు.

నేను సంతోషపడ్డాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇది దాటేస్తే నేనూ ముక్క చెప్పినదాన్నే అవుతాను. ఏనుగెక్కినంత గొప్పగా అనిపించింది నాకు. వారం వారం తల దువ్వుకుని ముందు చాప మీద కూర్చుని, అతను చెయ్యెత్తగానే ఆపేసేదాన్ని. చెయ్యి ఎక్కడ లేస్తుందో ముందే కనిపెట్టడం కూడా వచ్చేసింది. రూతమ్మత్త వెనక గోడ దగ్గర కూర్చుని నన్నే చూసేది. నేను ఆవిడ అరుగు వైపు వెళ్లడం మానేశాను.

మూడు వారాల తరవాత, ఇళ్లలో ఉన్న మందులన్నీ తెచ్చి వేదిక ముందు పెట్టమన్నాడు. జనం వరస కట్టారు. బీపీ మాత్రలు, దగ్గు మందులు, ఒక ముసలాయన చక్కెర జబ్బు మాత్రలు. మా అమ్మ దీవెన మాత్రల పొట్లం పట్టుకుని లేచింది. నేను మైకు ముందు నిలబడి అదే వచనం, అదే ముక్క, మళ్లీ మళ్లీ చదువుతున్నాను. రూతమ్మత్త వెనక నుంచి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"వొద్దమ్మా. డాక్టరు సెప్పింది నాను విన్నాను. మానిపిస్తే గుంట దక్కదు."

"నీకు విశ్వాసం లేకపోతే ఊరుకో వదినా. నా గుంటకి నయమైపోయింది" అంది అమ్మ, ఏడుస్తూ.

అతను మైకులో అన్నాడు. "అవిశ్వాసం ఉన్నచోట దేవుడు పనిచేయడు. ఆవిడను బయటికి పంపండి."

సంఘపెద్దలు ఇద్దరు ఆవిడ రెక్క పట్టుకున్నారు. పాస్టరుగారు నేల చూపులు చూశారు. ఆవిడ ఎత్తుకుని ఆసుపత్రులకు మోసిన పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆ చర్చిలో, వాళ్ల తల్లులెవరూ నోరు విప్పలేదు. నేనా? నా చదువు ఆపలేదు.

ఇంకెవరైనా అయితే వేరే చర్చి చూసుకునేవారు, లేదా దేవుడికే ఒక నమస్కారం పెట్టి ఊరుకునేవారు. రూతమ్మత్త మరుసటి ఆదివారం మామూలు వేళకే వచ్చింది. లోపలికి రానివ్వలేదు. చర్చి గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని బైబిలు తెరిచింది. వచ్చేవాళ్లందరూ ఆవిడను దాటుకునే లోపలికి రావాలి. మా నాన్నకు మనసొప్పక, వేరే సంఘానికి పోవచ్చు కదా అని అడిగాడు.

"ఇది నా ఇల్లురా బాబూ. దొంగోడు దూరేడని ఇల్లు ఒగ్గేసి పోతామేటి?" అంది.

మాత్రలు మానిన రెండో ఆదివారం, పాటల మధ్యలో దీవెన పడిపోయింది. కళ్లు తేలేసి కొట్టుకుంటోంది. ఒకటి తగ్గేలోపు ఇంకొకటి. అతను దాని తలమీద నూనె గుమ్మరించి, దయ్యం వదిలిపోతోంది, ఎవరూ ముట్టుకోవద్దని కేకలు పెడుతున్నాడు. చర్చి నిండా ఆ మల్లెపూల సెంటు. అమ్మ గడ్డకట్టుకుపోయి నిలబడింది. నాన్న ముందుకు రాబోతే పెద్దలు పట్టుకున్నారు. నేను మైకు పట్టుకుని చూస్తున్నాను. ఎంతసేపో తెలియదు. ఆ సేపే దాని బతుకును తినేసింది.

గుమ్మంలోంచి రూతమ్మత్త వచ్చింది. చాపలు తొక్కుకుంటూ, మనుషుల్ని తోసుకుంటూ వచ్చింది. అతను అడ్డం నిలబడి "నీకు అధికారం లేదు" అన్నాడు.

"తప్పుకో" అంది. అండీ లేదు, అయ్యగారూ లేదు. దీవెనను భుజాన వేసుకుని బయటికి నడిచింది. దాని జుట్టులో నూనె ఆవిడ రవికంతా కారుతోంది. మేము ఆవిడ వెనక పరుగెత్తాం. ఆటోలో అనకాపల్లి, అక్కణ్ణించి విశాఖపట్నం. దారంతా ఆవిడ ప్రార్థన చేస్తూనే ఉంది, దాని నోటి నురగ కొంగుతో తుడుస్తూనే ఉంది.

దీవెన బతికింది. కుడిచెయ్యి బిగుసుకుపోయింది. మాటలు నెమ్మదిగా తిరిగొచ్చాయి. అక్షరాలు రాలేదు. నాకంటే వేగంగా చదివిన పిల్ల, రూతమ్మత్తకు మాట అందించిన పిల్ల, 'అ' చూపిస్తే నా ముఖంలోకి చూసింది.

అతను ఏమన్నాడో తెలుసా? తల్లికి విశ్వాసం చాలలేదన్నాడు. నెల తిరక్కుండా ఇంకో ఊరికి కూటాలకని వెళ్లిపోయాడు. సంఘం తరఫున ఎవరూ అతణ్ణి నిలదీయలేదు. మా అమ్మ మాత్రం ఆ మాట నమ్మింది. చచ్చిపోయేదాకా, తన విశ్వాసం చాలక బిడ్డ పాడైపోయిందనే అనుకుంది. మందులు లాక్కున్నదానికంటే ఆ మాటకు నేనతణ్ణి ఎక్కువ అసహ్యించుకుంటాను.

అతను వెళ్లిపోయిన తరవాతి ఆదివారం పాస్టరుగారు మెట్టు దగ్గరికి వచ్చి, "లోపలికి రామ్మా, మళ్లీ నువ్వే చదవాలి" అన్నారు. క్షమించమని మాత్రం అనలేదు. రూతమ్మత్త లోపలికొచ్చి పాత చోటులో కూర్చుంది. "అదే సదవాలండి" అని నన్ను చూపించింది. "ముక్క సదివిన నోటితోనే మొత్తం సదవాలి."

నేను లేచాను. ఆ కీర్తన మొదటి నుంచి చదివాను. తెగులు రాదన్న చోటు దాటాను, దేవదూతల చోటు దాటాను. నేనెప్పుడూ చేరని ఆఖరి వచనాల్లోకి వచ్చాను. అక్కడ దేవుడే మాట్లాడతాడు. శ్రమలో తనను నమ్ముకున్నవాడికి తోడుగా ఉంటానంటాడు. నేను అక్కడ చదవడం ఆపేశాను. రూతమ్మత్త కూర్చున్నచోటు నుంచే అంది, "శ్రమే రాకపోతే, శ్రమలో తోడుంటానని ఎందుకంటాడమ్మా? సదువు. ఇంకా ఉంది."

కొన్నాళ్ల తరవాత, ఆవిడ ఇచ్చిన మాత్ర వేసుకుని దీవెన నీళ్లు తాగుతుండగా అడిగాను. "అత్తా, వాళ్లమీద నీకు కోపం రాలేదా?"

"రాలేదని ఎవులన్నారు? ఆ మెట్టు మీద కోపంతోనే కూకున్నాను. కోపమొచ్చిందని దేవుణ్ణి ఒగ్గేత్తే, నెగ్గింది ఆడే కదా."

నేనెన్నో ప్రసంగాలు విన్నాను. విశ్వాసంలో నిలబడటమంటే ఏమిటో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. నేను బడిలో పంతులమ్మనయ్యాను. దీవెన నాతోనే ఉంటోంది. రోజూ దీపాలు పెట్టే వేళకు దానికి మాత్ర వేసి, ఒక అధ్యాయం చదివి వినిపిస్తాను. పేర్లు కూడా వదలను.

పోయిన ఆదివారం నేను లేచి నిలబడ్డాను. మైకు లేదు. తెర మీద ఉన్నది అదే కీర్తన. ఆ ముక్క దగ్గర మొదలుపెట్టి, నా బైబిల్లోంచి కిందికి చదువుకుంటూ పోయాను. బోధకుడు ఆగిపోయాడు. ఎవరో పెద్దమనిషి దగ్గరికొచ్చి, "మేడమ్, చాలు, కూర్చోండి" అని మెల్లగా అన్నాడు. నేను అక్షరాల కింద పెట్టిన వేలు తియ్యలేదు.

నా పక్కన దీవెన మంచి చెయ్యితో కుర్చీ పట్టుకుని లేచింది. అక్షరం ముక్క గుర్తులేని నా చెల్లెలు, ఆయన ముఖంలోకి చూసి, చర్చంతా వినబడేటట్టు చెప్పింది.

"ఇంకా ఉందండి, అయ్యగారూ."