తుంగభద్ర ఒడ్డున నేను అడిగిన మాట

ప్రభువు నన్ను ఎవరి మధ్య కూర్చోబెట్టాడో ఆ సహోదరులారా, సహోదరీలారా, కంప్లి నుంచి మీ చెల్లెలు కరుణమ్మ వందనాలు. నా చీకటి రోజులు ముందు చెప్పకపోతే దేవుడు చేసిన మేలు ఎంత పెద్దదో మీకు తెలియదు, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను, ఓపికగా చదవండి.

మా పుట్టిల్లు బళ్ళారి దగ్గరి మోక ఊరు. చిన్నతనంలోనే నాకు చక్కెర జబ్బు వచ్చింది. ముసలివాళ్ల జబ్బు పిల్లకు రావడమేమిటని ఊళ్లో ఎవరూ నమ్మలేదు, కానీ ఇది మాత్రలతో తగ్గే రకం కాదనీ, బతికినన్నాళ్లూ ఇన్సులిన్ సూది వేసుకోవలసిందేననీ బళ్ళారి డాక్టరు చెప్పాడు. గాజు సిరంజి మరిగించుకోవడం, మందు సీసాను తడి ఇసుక పోసిన కుండలో దాచుకోవడం, ఎండాకాలం వస్తే ఆ ఇసుక ఆరిపోతుందేమోనని బడిలో కూర్చుని కూడా దిగులుపడటం, ఇలాగే పెరిగాను. కంప్లిలో విశ్వాసుల ఇంటికి కోడలిగా వచ్చాను, యేసయ్యను అక్కడే తెలుసుకున్నాను. మా ఆయన ప్రకాశం పొలాల మోటార్లకు రాగితీగ వైండింగ్ కట్టే పని చేస్తాడు.

మా మొదటి బిడ్డ ఏడో నెలలో కడుపులోనే చనిపోయింది. రెండో బిడ్డ తొమ్మిదో నెల దాకా చక్కగా కదిలి, ఒక ఉదయం కదలడం మానేసింది. ఆ ఉదయాన్ని గురించి నేను ఎక్కువ రాయలేను! తరువాత నాకొక అలవాటు పట్టుకుంది, అన్నం వండుతున్నా, సంఘంలో పాట పాడుతున్నా అరచెయ్యి దానంతట అదే కడుపు మీదికి పోయేది, లోపల ఎవరూ లేరని తెలిసి కూడా పోయేది.

మూడోసారి నెల తప్పినప్పుడు మా ఇంట్లో ఎవరూ సంతోషపడలేదు. మా ఆయన పని మానుకుని, మా సంఘపు అయ్యగారు చెప్పిన ఒక మిషన్ ఆసుపత్రికి, తమిళ దేశానికి, నన్ను రైలులో తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ నా రక్తం పరీక్షించి, తల్లి రక్తంలో చక్కెర ఎక్కుతూ దిగుతూ ఉండటం వల్లనే నీ బిడ్డలు బతకలేదమ్మా అని నెమ్మదిగా చెప్పి, సబ్బుపెట్టె అంత యంత్రం ఒకటి బల్ల మీద పెట్టింది. దాన్ని ఇన్సులిన్ పంపు అంటారట. దానిలో మందు నింపి నడుముకు కట్టుకుంటే, సన్నటి గొట్టం ద్వారా, కడుపు చర్మంలో ఉంచిన సూది ద్వారా, పగలూ రాత్రీ చుక్కచుక్కగా మందు లోపలికి పోతుందట. పై దేశం నుంచి ఎవరో దయగలవారు పంపినది, ఆసుపత్రిలో అదొక్కటే ఉంది, కాన్పు దాకా నాకు వాడుకోవడానికి ఇస్తారు, కాన్పయ్యాక తిరిగి ఇచ్చెయ్యాలి. "ఇష్టమైతేనే, బలవంతం లేదు, ఆలోచించుకో" అన్నది డాక్టరమ్మ.

ఎలా ఆలోచించుకోను? బిడ్డ ఉన్న కడుపులో రోజంతా సూదా? గొట్టం మడతపడితే? బ్యాటరీ అయిపోతే? మా బళ్ళారి ఎండకు మందు చెడిపోతే? సూదితో వేసుకునే మందు ఒక పూట నిలుస్తుంది, కానీ ఈ యంత్రంలో వేసే మందు త్వరగా పనిచేసి త్వరగా అయిపోయేది, కాబట్టి యంత్రం ఆగితే కొద్ది గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. స్నానానికి విప్పవచ్చు, గంట దాటకూడదు. మా అత్త సుందరమ్మకు ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేయిస్తే అవతల ఆమె కేకలు నాకు వినపడుతున్నాయి.

"కడుపుతో ఉండే దానికి కడుపులోనే సూది యేంది రా ప్రకాశప్పా! ఆ డాక్టరమ్మకు పిల్లలుండారా, అడుగు!"

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి మందిరంలో మోకాళ్ల మీద ఉండి నేను చేసిన ప్రార్థన ఇది. "ప్రభువా, సూదులతో ఇద్దరిని పోగొట్టుకున్నాను. ఈ యంత్రమంటే నాకు భయం. భయం తీసెయ్యమని అడగడం లేదు, భయంతోనే సరైన దారిలో నడిపించు తండ్రీ!" లేచి వచ్చి సరేనన్నాను. అంతే, ఏ దర్శనమూ రాలేదు, ఏ స్వరమూ వినబడలేదు, భయం మాత్రం పోలేదు.

యంత్రం వాడకం నేర్చుకుని ఇంటికి వచ్చాక వీధిలో మాటలు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. ఎదురింటి వడ్ల వ్యాపారి మా ఆయనను ఆపి, "ఏమప్పా, నీ పెండ్లానికి పంపు బిగించినావంటనే? ఎన్ని హెచ్‌పీ? నువ్వే వైండింగ్ కట్టినావా?" అంటే, మా ఆయన, "కరెంటు లేకున్నా నడుస్తాదన్నా, మీ గద్దెలో దానికంటే అదే మేలు" అని నవ్వేసి వచ్చాడు. వరిమడిని కన్నడంలో గద్దె అంటారు, మా వైపు మాటలన్నీ అలా కలిసే ఉంటాయి. వీధిలో అలా నవ్వినవాడు ఇంట్లోకి వచ్చాక గొట్టంలో గాలి బుడగ ఉన్నదేమోనని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసేవాడు. వద్దన్న మా అత్తే పాత చీర చింపి యంత్రానికి సంచి కుట్టింది. సంఘంలో మౌన ప్రార్థన వేళ అది కీచుమంటే అందరూ తలలెత్తి చూసేవారు, నేను చీర కొంగులో దాచుకునేదాన్ని. వేలు పొడుచుకుని రక్తం చూసుకోని పూట లేదు. అయినా ప్రతి ఉదయం బిడ్డ ఉంది! అరణ్యంలో ఆకాశం నుంచి కురిసిన మన్నాను రేపటికి దాచుకోలేనట్టు, నాకు కూడా ఆ రోజుకు సరిపడా ధైర్యమే దొరికేది, మరునాడు మళ్లీ అడుక్కోవలసిందే.

ఐదో నెలలో మా సంఘంలో బాప్తిస్మాలు పెట్టారు. నేను విశ్వాసంలో ఉన్నాను గాని నీళ్లలో ఇంకా మునగలేదు, బిడ్డ పుట్టకముందే మునగాలని నా మనసు. తుంగభద్ర ఒడ్డున ఇసుకలో షామియానా వేశారు, ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు కూర్చున్నారు, మా కూడికకు గుంతకల్లు వైపు నుంచి ఒక సువార్తికుడు జీపులో వచ్చారు, మంచి స్వరం, మంచి వాక్యజ్ఞానం ఉన్న మనిషి. నా వంతు దగ్గరపడగానే గొట్టం విప్పి యంత్రాన్ని మా అత్త చేతికిచ్చాను, ఆమె దాన్ని నా పొడిబట్టల మూటలో పెట్టి ఒడ్డున బండ మీద ఉంచింది. మా అయ్యగారు నన్ను తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ముంచి లేపారు. ఆ నీటిలోంచి లేచినప్పటి ఆనందం ఎలా చెప్పేది, దేవునికే మహిమ!

ఒడ్డుకు వస్తుంటే ఎవరో సువార్తికుడి చెవిలో చెప్పారు, యంత్రం కట్టుకుని బతికే బిడ్డ ఈమేనని. ఆయన నా నడుము వంక చూసి, చేతులెత్తి, "సంఘమా, చూడండి! యంత్రంతో దిగింది, యంత్రం లేకుండా లేచింది! తుంగభద్ర ఈ పొద్దు కుష్ఠును కడిగిన యొర్దాను అయింది!" అని ఎలుగెత్తి చెప్పగానే, సహోదరులారా, ఆ ఒడ్డంతా హల్లెలూయాలతో దద్దరిల్లింది. నా కోసం ఉపవాసాలున్న అక్కలు నన్ను పట్టుకుని ఏడ్చి, తడిబట్టలతోనే షామియానాలో కూర్చోబెట్టారు. మా అత్త మూటను మరిచి చేతులెత్తింది. అంత సంతోషం మధ్యలో, స్నానానికి విప్పాను, మళ్లీ తగిలించుకోవాలి అని ఏ నోటితో చెప్పేది? ఒకవేళ నిజమేనేమో అనే ఆశ కూడా నా గుండెలో లేచింది. అదే అన్నిటికంటే భయంకరమైనది.

పాటల తరువాత పాటలు, సాక్ష్యాల తరువాత సాక్ష్యాలు. మగవాళ్ల వైపు నుంచి మా ఆయన కళ్లు నన్నే చూస్తున్నాయి, తన నడుము తట్టి, తగిలించుకో అని సైగ చేశాడు. నేను తల దించుకున్నాను. మళ్లీ సైగ చేశాడు. ప్రేమ విందు వడ్డించారు, అన్నం, మాంసం కూర, అందరూ చూస్తున్నారని నేను కూడా తిన్నాను. ఎండ నెత్తి మీదికొచ్చింది. నాలుక ఎండిపోయింది, చెంబుల కొద్దీ నీళ్లు తాగినా దాహం తీరలేదు, కడుపులో వికారం, ఊపిరి బరువుగా లాగుతున్నాను, ఆ సంకేతాలన్నీ నాకు చిన్ననాటి నుంచి తెలుసు. అరచెయ్యి కడుపు మీద పెట్టుకున్నాను. అప్పటికి వారం నుంచీ చేపపిల్లలా కొట్టుకుంటున్న బిడ్డ కదలలేదు. అటు జరిగి కూర్చున్నాను, కదలలేదు.

లోపలే ప్రార్థించాను. "యేసయ్యా, నువ్వు బాగుచేసి ఉంటే ఈ దాహం ఎందుకు? నువ్వు చెయ్యని మేలును నీ పేరు మీద నేనెట్లా ఒప్పుకునేది? నాకు నోరియ్యి ప్రభువా, నీ బిడ్డలందరి ముందర నాకు నోరియ్యి!"

ఆ క్షణంలోనే సువార్తికుడు నన్ను ముందుకు పిలిచి మైకు చేతికిచ్చారు. "చెప్పమ్మా చెల్లీ, ఇప్పుడెట్లున్నావు?"

"దాహంగా ఉండాదయ్యగారూ" అన్నాను. నా గొంతు మైకు పెట్టెలోంచి ఒడ్డంతా వినబడింది. "బిడ్డ కదలడం లేదు. నా మిషను నాకియ్యండి."

సువార్తికుడు, "భయపడకమ్మా, అది శోధన, విశ్వాసంలో నిలబడు" అంటుండగానే, మా అత్త ఆడవాళ్లను తోసుకుంటూ మూటతో వచ్చింది.

"అయ్యా, మీరు పెద్దోళ్లు, మీ వాక్యం మేం కాదనం. కానీ మీరు పొద్దుగూకేసరికి జీపెక్కి గుంతకల్లుకు పోతారు. ఈ బిడ్డ నా ఇంటికి రావాల. ఉట్టి చేతుల్తో రెండుసార్లు వచ్చింది, ఇంక నేను సూడలేను." అని నా వైపు తిరిగి, "కూసో అమ్మీ, బేగ తగిలించుకో" అని కొంగు అడ్డం పట్టింది.

మూట విప్పితే యంత్రం సంచి చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. బండ మీద ఎండలో ఉండి లోపలి మందు ఉడికిపోయినట్టే! తగిలించుకున్నాను గాని దాన్ని నమ్మడానికి లేదు. మంచి మందు ఇంట్లో కుండలో ఉంది. మా ఆయన అప్పటికే షామియానా దాటి పరుగెత్తుకొచ్చి నన్ను లేపుతున్నాడు, నేను అక్కడే వాంతి చేసుకున్నాను. అప్పుడు ఆ సువార్తికుడు జేబులోంచి తాళాలు తీసి తన జీపు దగ్గరికి నడిచారు.

దారిలో ఇంటి ముందు ఆపితే, సీసా తెమ్మని పంపిన మా అత్త తడి ఇసుకతో సహా కుండనే ఎత్తుకొచ్చి ఒళ్లో పెట్టుకుంది. "సీసాలు యాడ వెతికేది, అన్నీ దీంట్లోనే ఉండాయి, పోనియ్యప్పా!" అన్నది. మా ఆయన సూది వేశాడు. బళ్ళారి దారిలో ఉన్న మా వైపు ఎమ్మిగనూరు దాటాక, గుంతల్లో జీపు ఎగిరెగిరి పడుతుంటే, నడుపుతున్న సువార్తికుడు గట్టిగా ప్రార్థించడం మొదలుపెట్టారు. "ప్రభువా, నీవు చెప్పకముందే నేను చెప్పాను. నా తొందరను ఈ తల్లి మీద, ఈ బిడ్డ మీద పెట్టవద్దు తండ్రీ!" ఆ రోజు నేను విన్న ప్రార్థనలన్నిటిలో నన్ను ఆదరించినది అదే.

బళ్ళారి ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు, మందు ఎక్కించారు. నర్సమ్మ గరాటు వంటి గొట్టం నా పొట్ట మీద ఆనించి చెవి పెట్టి వింది, జరిపి వింది, మళ్లీ జరిపి వింది, ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు, మా అత్త కుండను గట్టిగా పట్టుకుని నేల మీద కూలబడింది. సహోదరులారా, మీరు ఎప్పుడైనా ఒకరి ముఖం వైపు అలా చూశారా? చివరికి నర్సమ్మ కన్నడంలో "ఇదె, ఇదె" అన్నది. ఉంది, ఉంది అని! స్తోత్రం, స్తోత్రం, దేవునికే మహిమ!

నెలలు నిండేదాకా నాకు భయం లేని రోజు లేదని చెబితే అబద్ధం కాదు. సమయం దగ్గరపడగానే మళ్లీ ఆ మిషన్ ఆసుపత్రికి పోయాం, కడుపు కోసి బిడ్డను తీశారు, ఆడపిల్ల, పుట్టగానే వార్డు కప్పు లేచిపోయేట్టు ఏడ్చింది, ఆ ఏడుపు విని నేను నవ్వాను. యంత్రాన్ని తుడిచి డాక్టరమ్మ చేతిలో పెట్టాను. దాని కోసం ఇంకొక తల్లి ఎదురుచూస్తున్నదట, ఆమె పేరు తెలియదు గాని ఆమె కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. నేను తిరిగి సూదులకు వచ్చాను. జబ్బు పోలేదు. పూర్తి స్వస్థత కోసం అడుగుతూనే ఉన్నాను, ఆయన ఇచ్చేదాకా ఆయన చేతి నుంచి వచ్చిన మందు వేసుకుంటూనే అడుగుతాను. నా పిల్లను నాకిచ్చిన దేవుడు, నిజం చెప్పడానికి నాకు నోరు కూడా ఇచ్చాడు, దానికి నా జీవితకాలమంతా స్తోత్రం.

మీలో ఎవరైనా సంఘంలో మాత్రలు కొంగుకు ముడివేసి దాచుకుని కూర్చుంటున్నారా? మందు వేసుకుంటే విశ్వాసం తక్కువని అనుకుంటారేమోనని వణుకుతున్నారా? ఆయన్ను నమ్మండి, ఆయన దగ్గర దాచవలసినది ఏదీ లేదు. వచ్చే నెల మా ఒడ్డున మళ్లీ బాప్తిస్మాలు ఉన్నాయి. ఏ మందు వాడుతున్నారో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు వేసుకోవాలో మా అయ్యగారు ఇప్పుడు ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగిన తరువాతే నీళ్లలోకి దింపుతున్నారు. భయంగా ఉంటే భయంతోనే రండి. నీళ్లలో మీ చెయ్యి పట్టుకోవడానికి అయ్యగారు ఉంటారు, పైకి రాగానే మీ మందు మీ చేతిలో పెట్టడానికి నీడలో మా అత్త నిలబడి ఉంటుంది.