మా కొలిమి చైనాకు ఎందుకు వెళ్ళలేదంటే

మా ఫౌండ్రీ బిలాస్‌పూర్‌లోనే ఎలా మిగిలిందని అడిగితే ఒకరు యజమాని సేఠ్‌గారి దయ అంటారు, ఇంకొకరు అదృష్టం అంటారు. రెండూ కావు. అది పనిచేసేవాళ్ళు గెలిచిన వాదన. ఆ వాదన చేసినవాణ్ణి కాబట్టి, ఇంకెవరో తప్పుగా చెప్పకముందే రాసిపెడుతున్నాను.

అది 2006. ఊరి చివర తోర్వా పేట దాటాక మా షెడ్డు. వడ్లు మరపట్టే హల్లర్ యంత్రాలకు పోత ఇనుప భాగాలు పోసేవాళ్ళం. నేను పేటర్న్ మేకర్‌ని. ముందు నేను చెక్కతో నమూనా చేస్తే, దాన్ని ఇసుకలో అద్ది, ఆ గుంటలో ఇనుము పోస్తారు. నా చదువు పదితో ఆగింది. నాన్న రైల్వే ఉద్యోగం పుణ్యమా అని రైల్వే వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ దొరికింది. అక్కడి లోహశాస్త్రం పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకే మేం వాడే కాంట్రాక్షన్ స్కేలు మీద అడుగు, మామూలు అడుగు కంటే అంగుళంలో ఎనిమిదో వంతు పెద్దది. పాత మేస్త్రీలు దాన్ని అలవాటుగా వాడేవారు. ఎందుకో నాకు పుస్తకం చెప్పింది.

ఆ ఏడు సేఠ్‌గారి మేనల్లుడు రోహిత్ ఒక ఆలోచన తెచ్చాడు. భాగాలన్నీ చైనాలో పోయిస్తే మనకు ఇక్కడ గోదాము చాలన్నాడు. శాంపిల్ చూసి నిర్ణయిస్తానన్నారు సేఠ్. అది బాగుంటే దీపావళి తర్వాత కొలిమి ఆరిపోతుంది, ముప్ఫై రెండు మందిమి ఇంటికి పోతాం.

శాంపిల్‌కు ఎంచుకున్న హల్లర్ పక్క ప్లేటుకు డ్రాయింగ్ లేదు. రోహిత్ నా చెక్క నమూనానే టేపుతో కొలిచి రాసుకున్నాడు. అది ఇనుము కొలత కాదని, కుంచించుకోవడానికి వదిలింది కూడా అందులో ఉందని చెప్పాను.

"టేపు ఎక్కడైనా టేపే అంకుల్," అని నవ్వాడు.

ఇసుక అచ్చులు చేసే అప్పలనాయుడు నన్ను పక్కకు లాగాడు. "ఏటి రావూ, మన కూడు పోయే పనికి నువ్వే దారి సూపిస్తన్నావేటి? ఊరుకో."

నేను ఊరుకోలేదు. వాళ్ళ తప్పు మీద గెలవడం నాకు ఇష్టం లేదు. కాగితం మీద రాసి ఇచ్చాను. రోహిత్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, చదవలేదు.

శాంపిల్ అద్దంలా వచ్చింది. యంత్రానికి పెడితే, నా చెక్క నమూనా అంత పెద్దదిగా ఉండి, బోల్టు రంధ్రాలు కలవలేదు. అక్కడివాళ్ళకు పని రాదన్నాడు రోహిత్.

"వాళ్ళనేం అనకు బాబూ," అన్నాను సేఠ్ ఎదుటే. "నువ్వు రాసింది రాసినట్టు పోశారు. అంత శుభ్రంగా మేమూ పొయ్యలేం."

అయితే సరైన కొలత పంపుదాం, రెండు నెలల్లో ఓడలో వస్తుందన్నాడు. నా మాట నాకే అడ్డం తిరిగింది. నాయుడు తల పట్టుకున్నాడు.

వడ్ల సీజన్లో మా గేటు దగ్గర రోజూ ఎవరో ఒక మిల్లు యజమాని విరిగిన ముక్కను గోనెసంచిలో పెట్టుకుని కూర్చుంటాడు. ఆ రోజు పక్కనున్న బిల్హా ఊరి నుంచి లోకల్ రైల్లో వచ్చిన సాహూగారు ఉన్నారు. ఆయన్ను లోపలికి పిలిచి, విరిగిన ప్లేటును మేం మామూలుగా పోసే ప్లేటు మీద పెట్టి చూపించాను. రెండు రంధ్రాలు పక్కకు జరిగి ఉన్నాయి. ఆయన యంత్రం పాతది, కాళ్ళు రెండుసార్లు వెల్డింగ్ చేయించడంతో వంగాయి, రంధ్రాలు ఆ వంకరకు తగ్గట్టు వేసినవి. మా దగ్గరకు వచ్చే మిల్లులన్నీ ఇలాంటివే, ఒక్కోదానిది ఒక్కో వంకర.

"సేఠ్‌జీ, వీటిలో ఏ కొలత పంపుతారు? రెండు నెలలు ఆగమని ఈయనకు మీరే చెప్పండి."

"అచ్ఛా, రెండు నెలలా?" అన్నారు సాహూగారు, సంచి సర్దుకుంటూ. "వడ్లు కళ్ళంలో ఉన్నాయి. ఇంకో ఫౌండ్రీ ఎక్కడుందో చెబితే పోతాను."

సేఠ్ ఆ రంధ్రాల మీద వేలు పెట్టి కాసేపు చూశారు. తర్వాత నాయుడి వైపు తిరిగి, రేపటికి పోసివ్వమన్నారు. చైనా ఊసు మళ్ళీ ఎత్తలేదు.

నేను నేర్చుకున్నది ఇది. ఇనుము ఎవరైనా పోస్తారు, మాకంటే బాగా కూడా పోస్తారు. ఏ మిల్లు కాలు ఎటు వంగిందో తెలిసినవాళ్ళు మాత్రం ఆ మిల్లుకు దగ్గర్లోనే ఉండాలి. ఆ మాట తలెత్తి చెప్పడానికి ఎదుటివాడి పనిని తక్కువ చెయ్యనక్కర్లేదు.

గడువు దాటినా పుస్తకం వెనక్కి అడగని లైబ్రేరియన్ తివారీగారికి, నన్ను తిట్టుకుంటూనే మర్నాటికి ప్లేటు పోసిన అప్పలనాయుడికి, అందరి ముందూ సంచి విప్పిన సాహూగారికి, వారం తర్వాత నా కాగితం పట్టుకొచ్చి స్కేలు చూపించమని అడిగిన రోహిత్‌కు కృతజ్ఞతలు. ఆ చైనా శాంపిల్ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. దాన్ని పోసినతని పేరు తెలియదు. తెలిస్తే ఇక్కడ మొదట అతని పేరే రాసేవాణ్ణి.