ఆయన టీమ్ నడిపే ఆవిడ

అసలు ఆటగాళ్లని ఏరుకుని ఫోన్లో టీమ్ కట్టి, స్నేహితులతో ఆడే ఫాంటసీ క్రికెట్ లీగ్‌లో నాది ఆఖరి స్థానం. పేరున్న ఆటగాళ్లందరినీ మిగతావాళ్లే ఎగరేసుకుపోయారు. ఏటా గెలిచే రవి వెక్కిరింపులు పడలేక, లీగ్ మానేస్తున్నానని పాలకొల్లు బస్సులో కూర్చుని మెసేజ్ రాస్తున్నాను.

పక్క సీట్లోని పెద్దావిడ నా ఫోన్ చూసి, "మీకూ లీగ్ ఉందాండి?" అని అడిగారు. ఉందని తలూపాను.

"మావారు పోయాక ఆయన టీమ్ నన్ను నడపమన్నారండి, ఆయన స్నేహితులు. ఎవరూ పట్టించుకోని కుర్ర బౌలర్లని ఏరుకుంటాను. అయినా ఓడిపోతుంటాను. ఆయన్ని ఏడిపించినట్టే నన్నూ రోజూ ఏడిపిస్తారు. ఆ మెసేజ్‌లే లేకపోతే ఇల్లు బోసిపోద్దండి," అని నవ్వారు.

రాసింది చెరిపేసి, ఆ బౌలర్ల పేర్లు అడిగాను.

"మీరు మా లీగ్ కాదుగా, చెప్తాను," అన్నారావిడ.

ఆ సీజన్లోనూ రవే గెలిచాడు. ఇప్పుడు అతని వెక్కిరింపు ఒక పూట రాకపోతే, నేనే ఫోన్ చేసి బాగున్నావా అని అడుగుతున్నాను.