ఖలీల్ భాయ్ చెప్పిన సినిమా

మొన్న ఆసుపత్రిలో సూది వేసే ముందు నర్సమ్మ నా చేతికి స్పిరిట్ దూది రుద్దింది. ఆ వాసనకు ఖలీల్ భాయ్ వచ్చి ఎదురుగా నిలబడ్డట్టయింది. గోదావరిఖనిలో రేకుల షెడ్డులో ఆయన వీడియో పార్లర్ నడిపేవాడు. ప్రతి ఆటకు ముందూ వీసీఆర్ మూత తీసి, పసిపిల్లకు ముక్కు తుడిచినంత ముద్దుగా లోపల స్పిరిట్‌తో తుడిచేవాడు.

అందరూ ఫైటింగుల సినిమాలు వేస్తే, భాయ్‌కి వేరే పిచ్చి. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా ఎవరూ అడగని క్యాసెట్లు ఏరుకొచ్చేవాడు. ఏ దేశానివో, ఏ భాషవో! అన్నిట్లోనూ ఇల్లు వదిలిన కుర్రాళ్ళు, బడి ఎగ్గొట్టి పట్టాల వెంట తిరిగేవాళ్ళు, ఎవరితోనూ పొసగనివాళ్ళు. బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు ముగించుకున్నవాళ్ళు వచ్చి కూర్చుంటే, భాయ్ టీవీ పక్కన నిలబడి కథ తెలుగులో చెప్పేవాడు. ఆ భాషలు ఆయనకు ఒక్క ముక్క రావు. మొహాలు చూసి మాటలు కల్పించేవాడు, అదీ ఎంత ధీమాగా! మాకా కుర్రాళ్ళు మా కాలనీ వాళ్ళలాగే అనిపించేవారు. ఇంట్లో చెప్పుకోలేనివి మాకూ బోలెడుండేవి మరి.

నా ఇంటరు అయిన ఏడు బాపు తాను బొగ్గుబాయి పనికి పనికిరానని డాక్టరుతో రాయించుకొని, తన నౌకరీ నాకు ఇప్పిద్దామనుకున్నాడు. మా దగ్గర కొడుక్కి తండ్రి ఇచ్చే ఆస్తి అదే. నాకేమో భూమిలోకి దిగాలంటే వణుకు. చదువుకోవాలని ఆశ. అంత ప్రేమగా ఇస్తున్నదాన్ని వద్దని ఎలా అనను? భాయ్ దగ్గర ఏడ్చేశాను. ఫికర్ చెయ్యొద్దని, ఆదివారం బాపును తోలుకురమ్మని అన్నాడు.

ఆ ఆదివారం తెర మీద ఒక కుర్రాడు తండ్రి ముందు తలవంచుకొని ఏదో గొణిగాడు. భాయ్ గొంతు తగ్గించాడు.

"పోరడు ఏమంటుండంటే, బాపూ, నీ నౌకరి నాకొద్దు. నీ మీద ప్రేమ లేక కాదు. బాయిల దిగాల్నంటె భయమైతంది. సదువుకుంట."

బాపు నా వైపు చూడలేదు. టీవీలోని కుర్రాడితోనే అన్నాడు.

"గీ ముక్క చెప్పెతందుకు గింత గోసపడ్డవా, బిడ్డా? నేనేమన్న పులినా?"

మర్నాడు ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్ళాడు. నేను డిగ్రీలో చేరాను.

భాయ్ పోయి చాలా కాలమైంది. ఈమధ్య అదే సినిమా, కింద అనువాదంతో దొరికింది. ఆ సీను రాగానే అక్షరాలకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ కుర్రాడు నిజంగా ఏమన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోను కూడా.