పికప్ బండి వెనుక ఒక గది

మొన్న ఒక పని మీద బాల్కొండ దాకా వెళ్లి తిరిగి వస్తూ, దారి పక్కన చాయ్ హోటల్ దగ్గర ఆగి కూర్చున్నప్పుడు, పెద్ద పికప్ బండి ఒకటి తన వెనుక తెల్లని గదిని తగిలించుకుని వచ్చి ఆగింది. గది అంటే నిజంగా గదే. రెండు కిటికీలు, వాటికి పూల తెరలు, పక్కన ఒక చిన్న తలుపు, కింద రెండు చక్రాలు. హైదరాబాదు నుంచి ఎటో ఉత్తరానికి పోతున్న జంట అది. హోటల్లో ఉన్నవాళ్లంతా ఆ తెరల వెనక ఏముందో చూడాలని మెడలు చాస్తుంటే, నేను మాత్రం నడుం వంచి, బండికీ గదికీ మధ్యనున్న కొక్కెం ఏ మేరకు కిందికి దిగిందో, గది ముందుకు ఒరిగిందా వెనక్కి ఒరిగిందా అని చూస్తూ నిలబడ్డాను. బండి నడిపిన అబ్బాయి నన్ను వింతగా చూశాడు. నేను చిన్నగా నవ్వి ఊరుకున్నాను గాని, చాయ్ చల్లారిపోయేదాకా నా మనసు ఆ రోడ్డు మీదే ముప్పై ఏళ్లకు పైగా వెనక్కి పోయి, పసుపు ఉడుకుతున్న ఆవిరిలో ఎక్కడో తప్పిపోయింది.

నా ఈడు వాళ్లకు ఆనాటి ఆర్మూరు గుర్తుండే ఉంటుంది. పసుపు కాలం వచ్చిందంటే ఊరికి ఊరే రంగు మారేది. మార్కెట్ చుట్టూ గోడలు, హమాలీల చెవుల వెనుక మడతలు, చాయ్ దుకాణం బల్లలు, ఆఖరికి ఎడ్ల కనురెప్పలు కూడా పచ్చగా ఉండేవి. నేను అప్పుడు మార్కెట్ దగ్గరి ధర్మకాంటా మీద పనిచేసేవాడిని. బండ్లు నిండుగా వచ్చినప్పుడోసారి, సరుకు దించి పోయేటప్పుడోసారి తూయడం నా పని. పదో తరగతితో చదువు ఆగిపోయినా లెక్క మీద ఇష్టం పోలేదు. ఎవరూ నేర్పకుండానే బరువుల సంగతి, చక్రాల సంగతి నాకు నేనే ఆలోచించుకుంటూ, బండి దూరం నుంచి వస్తుండగానే దాని టైర్లు ఒరిగిన తీరు చూసి బరువు మనసులో కట్టుకుని, కాంటా ముల్లు దానికి దగ్గరగా వచ్చి ఆగితే ఎవరికీ చెప్పకుండా సంతోషపడేవాడిని.

మా బావ, అంటే మా అక్క భర్త, అప్పటికి మస్కట్ నుంచి తిరిగొచ్చి కొద్ది నెలలే అయింది. పెళ్లైన ఏడాదిలోపే వెళ్లినవాడు. అక్క కడుపుతో ఉండగా వెళ్లి, బిడ్డ మాటలు నేర్చి పరుగెత్తుతున్నప్పుడు వచ్చాడు. వచ్చిన రోజు ఆ పిల్ల అక్క కొంగు వెనక దాక్కుని, ఈ మామ మళ్లీ ఎప్పుడు పోతాడని అడిగిందట. ఆ మాట అక్క నాకు చాలాకాలం తరువాత చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వింది గాని, ఆ నవ్వులో నవ్వు లేదు.

బావ అక్కడ ఒక సేఠు దగ్గర డ్రైవరు. చలికాలం వస్తే ఆ సేఠు తన పికప్ వెనుక చక్రాల గదిని కట్టించుకుని ఎడారిలోకి పోయి వారాల తరబడి ఉండేవాడట. ఆ గదిని ఇసుక దారుల్లో లాగింది మా బావే. తిరిగి వచ్చేటప్పుడు ఆయన వెంట తెచ్చుకున్నది ఆ ఊహ ఒక్కటే అనిపిస్తుంది నాకు. మా దగ్గర పసుపు తవ్వకాలు మొదలైతే, కడాయి ఉన్నవాళ్లు ఊరూరా తిరిగి రైతుల పసుపు ఉడకబెట్టేవారు. ఇవాళ ముప్కాల్ దగ్గర ఒక చేను, ఆ తరువాత బాల్కొండ దగ్గర మరొకటి. ఆ కాలమంతా చేల గట్ల మీదే బతుకు. బావ వాళ్ల ఇంట్లో తాతల నాటి ఇనుప కడాయి ఉంది. పాత పికప్ ఒకటి కొని, దాని వెనుక ఒక చిన్న గదిని కట్టుకుని, భార్యనూ బిడ్డనూ వెంట తీసుకుని ఆ పని చేస్తూ బతకాలని ఆయన ఆశ. అది కుదరకపోతే మస్కట్ సేఠు మళ్లీ రమ్మని పంపిన వీసా పెట్టెలో ఉండనే ఉంది. ఈ పసుపు కాలంలో బండి దారిన పడితే ఉంటానని, లేకపోతే పోతానని ఆయన అందరి ముందూ చెప్పేశాడు. అందుకని ఆ చక్రాల గది అక్కకు ఉత్త గది కాదు.

పాత పికప్ కొనడం అయ్యాక గదికి ట్రాలీ కోసం వెతికాం. మార్కెట్ వెనుక వెల్డింగ్ దుకాణంలో రెండు ట్రాలీలు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి ట్రాక్టరుకు కట్టే పెద్దది, పొడవాటిది, చవకది. రెండోది జీపు వెనుక కట్టే పాత పొట్టి ట్రాలీ. బావ మనసు పెద్దదాని మీద పడింది. దాని చుట్టూ రెండు సార్లు తిరిగి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా దాని చెక్కల మీద చేయి వేసి నిమిరాడు. నన్ను పిలిపించి, ఎడారిలో గుంజిన గదిని ఆర్మూరు రోడ్డు మీద గుంజరాదా అన్నాడు.

“గుంజొచ్చు బావా. గని గీ ట్రాలీ ఒట్టిగ ఉన్నప్పుడే నీ బండి కంటె బరువున్నది. దీనికి బిరేకులు గిట్ల లేవు. దిగుడుల మనం దీన్ని గుంజుడు కాదు, గిదే మనల్ని నూకుతది” అన్నాను.

“నీ బామ్మర్దికి పిల్లనియ్యాలన్నా ముందుగాల కాంటా ఎక్కిచ్చి చూస్తడేమో” అన్నాడు వెల్డింగ్ దుకాణం ఆయన, పెద్దది అమ్ముడుపోదేమోనన్న బెంగతో.

అక్క సుద్దముక్క ఒకటి అడిగి తీసుకుని, దుకాణం ముందు నేల మీద పొట్టి ట్రాలీ కొలతకు గీత గీసి, అందరూ చూస్తుండగానే ఆ గీతలో వెల్లకిలా పడుకుంది. పక్కన బిడ్డను పడుకోబెట్టుకుంది. తల ఎత్తి బావ వైపు చూసి, “ఇంక ఒకలు పడుతరు” అంది. బావ సిగ్గుపడి దుకాణం లోపలికి పోయాడు. పొట్టి ట్రాలీ కొన్నారు.

తరువాతి రోజులన్నీ నాకు కలలోలా గుర్తున్నాయి. సాయంత్రం కాంటా మూసి దుకాణానికి పోతే, నీలి వెలుగుల మధ్య ఆ గది కొంచెం కొంచెంగా లేచి నిలబడుతూ ఉండేది. మూడు పక్కల రేకు, పైన రేకు, ఒక పక్క కిటికీ, వెనుక వెడల్పాటి తలుపు. వాననీళ్లు కారడానికి కప్పును ఎటు వాల్చాలని అక్క, కిటికీకి చువ్వలు ఎన్ని కావాలని బావ వాదించుకునేవారు. ఇన్నేళ్లూ ఉత్తరాల్లో క్షేమమని తలచెదను అని రాసుకున్న ఆ ఇద్దరూ కిటికీ చువ్వల గురించి దెబ్బలాడుకోవడం వింటుంటే నాకు ఎంతో హాయిగా ఉండేది. కొక్కేనికి మేకు, మేకు జారిపోకుండా అడ్డు పిన్ను, అదీ ఊడితే ఆదుకోవడానికి కొట్టంలోని బర్రెల గొలుసు తెచ్చి కింద ఇటూ అటూ దాటించి కట్టించాం. వెనుక ఎర్రదీపాలకు తీగ లాగాం. ఖాళీ గదిని పెర్కిట్ దాకా లాగి చూస్తే, పెంపుడు దూడ లాగా వెంట వచ్చింది.

అసలు బరువుతో బయలుదేరిన రోజు పొద్దున్నే అక్క వాళ్ల అత్త సామాను సర్దింది. కడాయిని వెనుక తలుపుకు ఆనించి నిలబెట్టించింది. ఎందుకంటే మా వైపు పసుపు ఉడకబెట్టే ఇళ్లలో ఒక పట్టింపు ఉండేది. కొత్త చేనుకు పోయినప్పుడు అన్నిటికన్నా ముందు కడాయి నేల తాకాలి. కడాయి దిగనిదే చాప దించరు, నీళ్ల బిందె కూడా దించరు. ముందు దిగేది తలుపు దగ్గర ఉండాలి గదా. మొత్తం బరువు ఎంతో నేను ముందే తూచి చూశాను, బండికి తగ్గట్టే ఉంది. ఆ బరువు ఎక్కడ కూర్చుందో మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు. ఎడారి గదిలో నీళ్ల ట్యాంకు ముందు భాగంలోనే ఉండేదని బావకు కూడా ఆ తరువాతే గుర్తొచ్చింది.

గదిలో చాప పరుచుకుని కూర్చొమ్మని అత్త చెప్పినా, దారి చూస్తానని అక్క ముందు సీట్లో మా ఇద్దరి మధ్యకు వచ్చి కూర్చుంది. బిడ్డ అత్త దగ్గర ఉండిపోయింది. వాళ్లిద్దరూ ఆ గదిలో ఎక్కి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనుకుంటాను.

చెరువు కట్ట దాటి దిగుడు మొదలవగానే వెనుక నుంచి ఎవరో పట్టుకుని ఊపినట్టు బండి కదిలింది. అద్దంలో చూస్తే గది ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తోక ఊపుతోంది. ఒక్కో ఊపు ముందుదాని కంటే పెద్దది. ముందు నుంచి ఒక లారీ వస్తోంది. అక్క నా చేతిని కాదు, బావ మోకాలిని పట్టుకుంది. బావ బ్రేకు తొక్కలేదు. యాక్సిలేటరు మీంచి పాదం ఎత్తేసి, స్టీరింగును అటూ ఇటూ తిప్పకుండా బిగించి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. లారీ మమ్మల్ని రాసుకుంటున్నట్టే పోయింది. ఊపు నెమ్మదించి, నెమ్మదించి, చివరికి బండి దారి అంచున ఆగింది. ఆగుతుండగా వెనుక తలుపు విరిగిన చప్పుడైంది. కడాయి అంచు మీద నిలబడి, పెద్ద చక్రంలా, ఏ తొందరా లేకుండా దొర్లుకుంటూ దారి దిగి మొక్కజొన్న చేనులోకి పోయింది.

నీళ్లు కడుతున్న రైతు ఒకాయన పార భుజాన వేసుకుని వచ్చి, కడాయినీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు.

“మక్క ఇంక పాలకంకి మీదనే ఉన్నది. అప్పుడే ఉడకవెట్ట వచ్చిండ్రా?”

ఎవరికీ దెబ్బ తగలలేదు. అయినా ఎవరం నవ్వలేకపోయాం. ఆ సాయంత్రం ఇంటి అరుగు మీద బావ చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చుని, గది అమ్మేద్దామన్నాడు. అక్క అన్నం గిన్నె ఆయన ముందు పెట్టి, “టికెటు ఎప్పటికి తీస్తరు?” అని ఒక్క మాట అడిగి లోపలికి పోయింది. అది కోపంతో అడిగినా బాగుండేది. కూరగాయల ధర అడిగినట్టు అడిగింది.

మరునాడు నేను పట్టుబట్టి, విరిగిన తలుపును తాడుతో కట్టించి, కడాయితో సహా బండిని కాంటా మీదికి తెప్పించాను. అక్కా, అత్తా కూడా వెంట వచ్చారు. పికప్ వెనుక చక్రాలను మాత్రమే పలక మీద నిలబెట్టి, గది తగిలించి ఒకసారి, విప్పి ఒకసారి తూచాను. వింతేమిటంటే, గది తగిలించినప్పుడు ఆ చక్రాల బరువు తగ్గింది. వెనుక కూర్చున్న కడాయి గదిని త్రాసులా వెనక్కి వాల్చి, పికప్ తోకను పైకి ఎత్తుతోంది. చక్రాలకు నేల మీద పట్టు లేదు. బరువు ఇరుసుకు ముందు వైపు ఉండాలి, కొక్కెం మీద కనీసం ఒక క్వింటాల్ వాలాలి అని నేను చెప్పాను. అంటే కడాయి ముందు గోడకు ఆనుకుని ఉండాలి. అప్పుడది అందరి సామాను వెనక పడుతుంది, అన్నిటికన్నా చివర దిగుతుంది. ఆ మాట వినగానే బావ తల్లి వైపు చూశాడు. తాతల నాటి పట్టింపును దాటమని ఆమెను అడగడం ఆయన వల్ల కాదు. అక్క తలవంచుకుంది. నాకు ఇక చెప్పడానికి లెక్క మిగలలేదు.

అత్త గది చుట్టూ ఒకసారి నడిచి వచ్చింది.

“కడాయి ముందుగాల దిగాలె అన్న గని, ఎనుక దర్వాజకెళ్లే దిగాలె అని నేనెప్పుడన్నరా కొడకా? గీడ, ముంగట, పక్కకు ఇంకో దర్వాజ కొయ్యుండ్రి. దానికి మస్కట్ పోవాల్నా?”

కాంటా దగ్గర హమాలీలు కూడా నవ్వారు. బావ నవ్వలేదు, తల్లి చేయి పట్టుకున్నాడు. రెండు రోజుల్లో ముందు పక్కన తలుపు కోశారు. కడాయి ఆ తలుపు దగ్గర కూర్చుంది. మళ్లీ తూస్తే పికప్ వెనుక చక్రాల మీద క్వింటాల్ పైచిలుకు పెరిగింది. అదే కట్ట, అదే దిగుడు. అక్క మళ్లీ మధ్యలోనే కూర్చుంది. గది వెంట వస్తోందో లేదోనని అనుమానం వచ్చేటంత నెమ్మదిగా వచ్చింది. మొక్కజొన్న దాటి, చింతచెట్లు దాటి, ముప్కాల్ వైపు తిరిగాం. తిరిగాక బావ, తనలో తాను అనుకుంటున్నట్టు, సేఠుకు ఉత్తరం రాయాలె, రానని, అన్నాడు. అక్క కిటికీ వైపు మొహం తిప్పుకుని చాలాసేపు చేలను చూసింది.

ఆ తరువాత ఎన్నో పసుపు కాలాలు వాళ్లు ఆ గదిలో గడిపారు. సెలవు దొరికినప్పుడల్లా నేనూ పోయేవాడిని. ఉడికే పసుపు మీద ఎండుటాకులు కప్పితే, వాటి సందుల్లోంచి లేచే ఆవిరి చేనంతా పరుచుకుని, ఆ ఆవిరిలో గది నేలను తాకకుండా తేలుతున్నట్టు కనిపించేది. లోపల ముగ్గురూ పడుకుంటే ఒకరు పక్కకు తిరగాలంటే మిగతా ఇద్దరూ తిరగాలి. పిల్ల బావను నాన్నా అని పిలవడం మొదలుపెట్టింది ఆ ఇరుకులోనే.

ఆవిరి బాయిలర్లు వచ్చాక కడాయిల పని పోయింది. గదిని ఎవరో కొనుక్కుపోయారు. బావ ఊళ్లోనే ఉండి వ్యవసాయం పెంచుకుని, మేడ కట్టాడు. పిల్ల పెళ్లయి మాక్లూర్‌లో ఉంటోంది. ఇప్పుడు నేను పోతే, హాలుకు ఒక కొసన బావ టీవీ ముందు, మరో కొసన అక్క ఫోను పట్టుకుని కూర్చుని ఉంటారు. ఇద్దరికీ ఏ లోటూ లేదు, ఏ తగవూ లేదు. పోయిన నెల అక్క నాకు చాయ్ ఇస్తూ అంది: “ఇల్లు పెద్దగైంది తమ్మీ. పిలిస్తే ఇనవడ్తలేదు.”

బావను సముద్రం దాటి పోనివ్వకూడదని ఆమె ఎంత తపించిందో నాకు తెలుసు. ఆయన పోలేదు. ఇన్నేళ్లలో ఒక్క పూట కూడా దూరంగా లేడు. మాకందరికీ ఇప్పుడు విడివిడిగా గదులున్నాయి, ఒక్కో గదికి ఒక్కో తలుపు, మూసుకుంటే చప్పుడు కూడా రాని తలుపులు. ఆ రోజు చాయ్ గ్లాసు కింద పెట్టి నేను లేచేసరికి అక్క హాలు అవతలికి చూస్తూ ఆయనను పిలిచింది, నేను వెళ్తున్నానని చెప్పడానికి. రెండోసారి పిలిచింది. ఆయనకు వినపడలేదు. మూడోసారి పిలవకుండా, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, ఆ పొడవాటి హాలంతా నడిచి ఆయన దగ్గరికి వెళ్లింది.