సన్నది, లావుది

బర్మాలో మా తామ్వే ఇంట్లో నరసమ్మ కుట్టుమిషనుకు నూనె వేసినప్పుడల్లా నాకు చిరాకు పుడుతుంది. మిషను మీద కాదు, మా ఆవిడ మీద అసలే కాదు. ఆ పల్చటి నూనె వాసన ముక్కుకు తగలగానే పోలినాయుడు గారు కళ్లముందు నిలబడతారు. చేతిలో రైఫిలు, భుజాన నూనె మరకల తువ్వాలు. నాకేసి తిరిగి, "ఏటంటావు సత్తీ?" అంటారు. ఆ ఒక్క ప్రశ్నకు నాలుగు నెలల పాటు జవాబు చెప్పి చెప్పి నా నోరు నొప్పిపుట్టింది. తీరా చెప్పవలసిన రోజున మాత్రం చెప్పలేదు.

ఆయన్ని చూడని వాళ్లకోసం కాస్త చెప్పాలి. పోలినాయుడు గారు బియ్యం బ్రోకరు. బోటాటౌంగులో గిడ్డంగుల వెనకాల ఒక గది, అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడనిండా మేకులకు వేలాడే నమూనా సంచులు. అదే ఆఫీసు, నేనే గుమాస్తాను. చిమిండైంగు రేవుకు పడవల్లో సరుకు వస్తే మిల్లులవాళ్లు ముందు ఆయనకే కబురు పెట్టేవారు. అమ్మేవాడు మూతి విప్పి చూపించిన బస్తాను ఆయన ముట్టేవారు కాదు. అడుగు వరసలో బస్తాలకు ఇనప గొట్టం గుచ్చి, ఒక్కో దాంట్లోంచి పిడికెడు తీసి, అన్నీ ఒకే ఇత్తడి పళ్లెంలో పోసి కలిపి, బొటనవేలితో నలిపి చూసేవారు. "పైనున్న గింజ పెళ్లికూతురురా. ఇంట్లో మనిషి అడుగునుంటాది," అనేవారు. ఆ పళ్లెం తప్పు చెప్పగా నేనెన్నడూ చూడలేదు. అందువల్లే ఆయనకు ప్రపంచంలో ప్రతి వస్తువునూ ఆ పళ్లెంలో పోసి కలపాలనిపించేది.

యాభయ్యో ఏట ఆయనకు గురిచూసి కాల్చే సరదా పట్టుకుంది. ఊరి బయట మట్టికట్టల దగ్గర ఒక షూటింగు క్లబ్బు ఉండేది. మిల్లు దొర ఒకాయన సిఫారసు చేసి ఈయన్ని చేర్చాడు. జంతువుల మీదికి వెళ్లే మనిషి కాదు, చీమను కూడా ఊది పక్కకు పంపేవారు. కాగితం మీద గీసిన నల్లటి గుండ్రాలు చాలు ఆయనకు. సర్కారు వారు ఒక్క రైఫిలుకు లైసెన్సు ఇచ్చారు. ఆ ఒక్కటి ఏదన్నదే నా ప్రాణాల మీదికి వచ్చింది.

ఆయన కన్ను పడింది ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన రకం మీద. మీట నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, ఖాళీ గుల్ల దానంతటదే బయటికి ఎగిరి, తరవాతి తూటా దానంతటదే లోపల సర్దుకుంటుంది. కో సాన్ అనే బర్మా ఆయన గుమాస్తాగా ఉన్న ఆయుధాల దుకాణంలో అలాంటివి రెండు ఉండేవి. ఒకటి తేలిక. గుల్లల్ని అడుగునుంచి వదిలేది. మామూలు చిన్న తూటాలే దానికీ సరిపోయేవి, అవి ఊళ్లో ఏ దుకాణంలోనైనా దొరికేవి. రెండోది బరువు, చేతిలో కదలకుండా కూర్చునేది, గుల్లల్ని కుడిపక్కకు విసిరేది. దానికి దాని తూటాలే కావాలి. అవి చూపుకు మామూలు వాటిలాగే ఉన్నా కాస్త బొద్దు. కలకత్తా నుంచి రావాలి. నాయుడు గారు బియ్యం భాషలో మొదటిదాన్ని సన్నది అన్నారు, రెండోదాన్ని లావుది అన్నారు. ఆ దుకాణంలో నేనూ కో సాన్ కూడా వాటిని అలాగే పిలవసాగాం.

సోమవారం ఆయనకు సన్నది నచ్చేది, ఎత్తితే భుజం నొప్పి లేదనేవారు. గురువారానికి లావుది నచ్చేది, సన్నది గాలికి వణుకుతుందనేవారు. గాలి దుకాణంలో ఎక్కడిదో నాకు తెలియదు. నేను సన్నదే కొనండి బాబూ, తూటాలు ఇక్కడే దొరుకుతాయి అంటే తలూపి, ఇంటికి వెళ్లే దారిలో మళ్లీ మొదలుపెట్టేవారు. లావుది కొనండి అంటే, నిన్న సన్నదన్నావే అనేవారు. కో సాన్ మాత్రం నవ్వు చెదరకుండా రెండింటినీ తుడిచి మళ్లీ బీరువాలో పెట్టేవాడు. ఆ ఓపిక చూస్తే నాకు మరింత ఒళ్లు మండేది.

నా మంటకు వేరే కారణం ఉంది. నాకు పెళ్లయి రెండేళ్లు. నరసమ్మ భీమిలి దగ్గర పుట్టింట్లోనే ఉంది. నేను వెళ్లి తీసుకురావాలి. సెలవు అడిగితే నాయుడు గారు దుకాణంలో రైఫిలు తుడిచి చూస్తూ, తల ఎత్తకుండా, "ఈ తుపాకీ పని తెమలనీరా," అన్నారు. అంతే. విశాఖపట్నం స్టీమర్లు వస్తున్నాయి, పోతున్నాయి. నాలుగో నెలలో నరసమ్మ అన్నయ్య ఉత్తరం రాశాడు. నువ్వు వస్తావా, మమ్మల్ని వేరే ఆలోచన చేసుకోమంటావా అని. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని, ఒక ఆదివారం ఆయన వెనకే క్లబ్బుకు వెళ్లాను. కో సాన్ రెండు రైఫిళ్లూ, రెండింటి తూటాల పెట్టెలూ పరీక్షకని తెచ్చాడు.

కో సాన్ కాగితాల మీద సంతకాలకని క్లబ్బు గదిలోకి వెళ్లాడు. నాయుడు గారు సంచిలోంచి ఇత్తడి పళ్లెం తీశారు. పై పెట్టెలు పక్కకు నెట్టి, అడుగు పెట్టెలు విప్పి, ఒక్కోదాంట్లోంచి పిడికెడు తూటాలు పళ్లెంలో పోసి, బియ్యం కలిపినట్టే కలిపారు. మామూలువీ బొద్దువీ ఏకమైపోయాయి. ఆయన అప్పటికే మట్టికట్టకేసి చూస్తున్నారు. నేను చూశాను.

ముందు సన్నదాన్ని నింపారు. రెండు పేలాయి. మూడోది లోపల ఇరుక్కుంది. ఆయన దాన్ని ఊడదీసి పక్కన పడేసి, మళ్లీ నింపారు. మళ్లీ ఇరుక్కుంది. సన్నదాన్ని పక్కన పెట్టి, లావుది అందుకుని, తూటాలకోసం నాకేసి చెయ్యి చాచారు. అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది, ఇంకో నెల పడుతుంది. జేబులో ఉత్తరం ఉంది. పళ్లెంలోంచి బొద్దు తూటాలే ఏరి, నా చేత్తో ఆయన చేతిలో పెట్టాను. లావుది ఒక్కసారి కూడా ఆగకుండా పేలింది.

"సన్నదానికి కడుపులో జబ్బు. ఏటంటావు సత్తీ?" అన్నారు.

"అవునండి బాబూ," అన్నాను.

కో సాన్ వచ్చేసరికి బేరం అయిపోయింది. నాలుగు నెలల తరవాత ఒక రైఫిలు అమ్ముడైన ఆనందంలో అతను ఏమీ అడగలేదు. ఆ సాయంత్రమే నాకు సెలవు దొరికింది. నరసమ్మను తీసుకువచ్చాను. తూటాలకోసం కలకత్తాకు ఉత్తరాలు రాయడం నా పనుల్లో చేరింది.

ఏడాది తిరిగేసరికి క్లబ్బులో పందెం వచ్చింది. మనిషికి నలభై తూటాలు. నాయుడు గారు ఆ పందెంకోసం మూడు నెలలుగా పొద్దున్నే లేచి సాధన చేస్తున్నారు. కలకత్తా నుంచి రావలసిన పెట్టె మాత్రం రాలేదు. మా దగ్గర పదకొండు తూటాలు మిగిలాయి. పదకొండూ కాల్చి, ఖాళీ రైఫిలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పక్కనున్నాయన జాలిపడి తన పెట్టె జరిపాడు, మామూలు తూటాలు. నాయుడు గారు ఒకటి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపినట్టు తిప్పారు. తరవాత కిందపడ్డ తన గుల్లను ఒకటి ఏరి అలాగే తిప్పారు. ఆ వేళ్లు అబద్ధం ఒప్పుకోవు.

పెట్టె పక్కనాయనకు తిరిగి ఇచ్చేసి, దండం పెట్టి లేచారు. గుర్రబ్బండి సగం దారి వచ్చాక నాకేసి తిరిగారు.

"ఆ రోజు పళ్లెంలో రెండూ కలిసిపోనాయా?"

"కలిసిపోయాయండి."

"నువ్వు సూసినావా?"

"చూశానండి."

"మరెందుకు సెప్పలేదు?"

సెలవుకోసమని చెప్పాను. ఉత్తరం సంగతి చెప్పాను.

"ఆ ఉత్తరం సూపిస్తే ఆ పూటే ఎల్లమందును," అన్నారు. "తుపాకీ ఏటి, తుపాకీ. నువ్వు రెండోసారి అడగనేలేదు కదరా."

నాలుగు నెలలు ఆ మనిషిని లోలోపల తిట్టుకున్నాను. రెండోసారి అడగడానికి నోరు రాలేదు. తిట్టడానికి మాత్రం తీరిక దొరికింది. ఆ బండిలో నా మీద నాకు వచ్చినంత విసుగు ఆయన మీద ఎన్నడూ రాలేదు.

ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. రైఫిలు మార్చుకోండి బాబూ, నేను లైసెన్సు కాగితాలన్నీ చూసుకుంటాను అంటే వినలేదు. కొన్నది కొన్నదే అన్నారు. కలకత్తా ఉత్తరాలు నాచేతే రాయించారు. అంతకంటే కష్టమైంది ఒకటి మొదలైంది. రేవులో నమూనా పళ్లెం మీద చివరి మాట చెప్పేముందు, అందరి ఎదుటా నాకేసి తిరిగి, "కలిసినాదా సత్తీ?" అనేవారు. పాత బియ్యంలో కొత్తవి, మంచివాటిలో తడిసినవి కలిశాయా అని. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. తరవాత విసుక్కునేవాణ్ణి. కలిస్తే కలిసిందనేవాణ్ణి, అమ్మేవాళ్లకు కోపం వచ్చినా సరే. ఏళ్ల తరబడి పూటకు పదిసార్లు అదే ప్రశ్న. ఒకసారి నరసమ్మ నాకు అన్నం వడ్డిస్తూ, మజ్జిగలో నీళ్లు కలిశాయా అని తనే అడిగి నవ్వింది.

పోయిన వానాకాలంలో ఆయన జ్వరంతో పోయారు. లైసెన్సు ఆయన పేరునే ఉంది కాబట్టి రైఫిలునూ మిగిలిన తూటాలనూ ఠాణాలో అప్పగించవలసి వచ్చింది. ఆ పని కూడా నాకే పడింది. పోలీసు రైటరు నంబరు రాసుకుని, నా తూటాలు అందుకుని, అక్కడ తెరిచి ఉన్న మామూలు తూటాల డబ్బాలో పోయబోయాడు. అతను నన్నేమీ అడగలేదు.

"వాటిలో కలపకండయ్యా. వీటి కొలత వేరు," అన్నాను.

అతను రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూసి, సరేనని వేరే డబ్బా తీశాడు. అంత తేలికైన పని అది. మెట్లు దిగి, రోడ్డు మీద ఎవరూ దగ్గర లేకుండా చూసుకుని, "కలవలేదు బాబూ," అన్నాను.